కళ్ళు లేనివాడికి లాంతరెందుకు

మా నాన్నమ్మ మిత్సుయో నోరు తెరిచి తిట్టిందంటే, దక్షిణ సముద్రంలో పుట్టిన తుఫాను మా సరయామ కొండను దూరం నుంచే చూసి, దారి మార్చుకొని కొరియా వైపు పోతుంది. ఇది కల్పించి చెప్పడం లేదు. ఆమధ్య ఒక తుఫాను నేరుగా మా మీదికే వస్తోందని రేడియోలో చెప్పారు. వాకిట్లో ఆరబెట్టిన పచ్చి మట్టిగంటల్ని లోపలికి మోసి మోసి నడుము పట్టేసిన నాన్నమ్మ, ఆకాశం వైపు చూసి ఒక మాట అంది. ఆ మాట ఇక్కడ రాయను. మర్నాడు పొద్దుటికి తుఫాను పక్క దేశంలో ఉంది. వాతావరణ శాఖ వాళ్ళు దానికి ఇంకేవో కారణాలు చెప్పారు. వాళ్ళకు మా నాన్నమ్మతో పరిచయం లేదు.

ఆమె చేసేది గాలిగంటలు. తెల్లమట్టితో, సారె మీద, ఒక్కొక్కటీ చేత్తో. చిన్న గిన్నెను బోర్లించినట్టు ఉంటుంది. నెత్తిన చిల్లు, చిల్లులోంచి దారం, దారానికి మట్టితోనే చేసిన నాలుక, నాలుక కింద గాలికి ఊగడానికి ఒక కాగితపు పట్టీ. ఎండలు ముదిరేసరికి కొండ మీద ప్రతి ఇంటి చూరుకూ ఒకటి వేలాడుతుంది. చలిగాలి మొదలవగానే దించేయాలి. కాలం దాటినా గంట వేలాడుతోందంటే ఆ ఇంటి ఆడది బద్ధకస్తురాలని మా ఊళ్ళో లెక్క.

ఆమె కోపం మా ముత్తాత కాలం నాటిది. చేపలు పట్టే తీరం నుంచి కొత్త కోడలిగా ఈ ఇంటికి వచ్చినప్పుడు, ఇక్కడ మగవాళ్ళు సారె తిప్పేవారు, ఆడవాళ్ళు మట్టి మోసేవారు. ఒకరోజు ఆమె పళ్ళేల అంచులు కోయగా రాలిన మట్టి పోగుచేసి, ఖాళీగా ఉన్న సారె ముందు కూర్చుంది. ముత్తాత చూసి కేకలు వేశాడు. ఆడది సారె తిప్పితే బట్టీలో ఉన్న పళ్ళేలన్నీ వంకరపోతాయన్నాడు.

"నేను చేసేది పళ్ళెం కాదు మామయ్యా, గంట" అందట నాన్నమ్మ. "గంట చెయ్యొద్దని మీరెప్పుడూ చెప్పలేదు."

ఆ మొదటి గంట అంచు ఒక పక్కకు లాగినట్టు వంకరగా వచ్చింది. గొంతు కూడా అలాగే, కీచుగా, కరకరలాడుతూ. తొకుజి తాత, అంటే ఆమె మొగుడు, దాన్ని తీసుకెళ్ళి తండ్రి చూస్తుండగానే వీధి గుమ్మం మీద కట్టాడు. గాలి వీచి అది మోగగానే, "ఏమేవ్, అచ్చం నువ్వు తిడుతున్నట్టే ఉంది" అన్నాడు. ఆ రోజంతా ఆమె ఆయనతో మాట్లాడలేదు. గంట మాత్రం ఏటేటా అక్కడే వేలాడింది.

ముసలితనంలో తాతకు కళ్ళు పోయాయి. డాక్టరు నీటికాసులన్నాడు. బతుకంతా బట్టీ కన్నంలోంచి మంట చూసినందుకని తాత అనేవాడు. స్నానశాల దారిలో చూడకూడనివి చూసినందుకని నాన్నమ్మ అనేది. కళ్ళు పోయాక కూడా ఆయన దాదాపు రోజూ సాయంత్రం కర్ర తాటిస్తూ ఊరి స్నానశాలకు ఒక్కడే వెళ్ళి వచ్చేవాడు. తిరిగి వచ్చేటప్పుడు రాళ్ళగోడ మలుపులో ఆగి చెవి ఒగ్గేవాడు. కొండ మీద అన్ని గంటలూ తియ్యగా మోగుతుంటే, కరకరలాడే గొంతు ఒక్కటే ఉండేది. దాన్ని పట్టుకొని ఇంటికొచ్చేవాడు. ఆయన కోసం ఆ గంటను నాన్నమ్మ చలికాలంలో కూడా దించలేదు. ఎదురింటావిడ ముక్కు చిట్లించినా, మంచు కురిసి కాగితపు పట్టీ చిరిగిపోయినా దించలేదు. పట్టీ మాత్రం మార్చింది.

కిందటి ఏడాది ఆకులు రాలే రోజుల్లో తాత పోయాడు.

అందువల్ల ఈ ఏడాది బోన్ పండుగ ఆయనకు మొదటిది. పోయినవాళ్ళు ఇంటికొచ్చే పండుగ అది. మొదటిసారి వచ్చేవాళ్ళు దారి తప్పకుండా ఆ ఇంటి ముందు తెల్ల లాంతరు కడతారు. మా ఊళ్ళో ఎప్పుడూ అలాగే చేశారు.

పండుగ ఇంకా దూరంగా ఉండగానే గొడవ మొదలైంది. చాన్నాళ్ళుగా ఖాళీగా పడున్న కొండ పై ఇళ్ళల్లోకి ఈమధ్య పట్నం వాళ్ళు వచ్చి చేరారు. వాళ్ళలో ఎవరో గంటల మోత భరించలేకపోతున్నామన్నారు. గ్రామ సంఘం కూర్చుంది, టీ తాగింది, తీర్మానించింది. ఇల్లిల్లూ తిరిగే నోటీసు అట్ట మా గుమ్మంలోకీ వచ్చింది. గంటలు కట్టుకోవచ్చు, వాటి నాలుకలు మాత్రం తీసెయ్యాలి, చూడ్డానికి అందంగానే ఉంటాయి కాబట్టి వచ్చిపోయేవాళ్ళ ఫొటోలకు ఇబ్బంది ఉండదు అని రాసి ఉంది. కింద సంఘం పెద్ద ముతా ముద్ర.

ముతా వేరే ఎవరో కాదు. పద్దెనిమిదేళ్ళ వయసులో తాత దగ్గర పనికి చేరి, మా ఇంటి అన్నం తిని, మా బట్టీ దగ్గర పని నేర్చుకున్నవాడు.

నాన్నమ్మ అట్ట చదివింది. అద్దాలు తీసి తుడుచుకొని మళ్ళీ చదివింది.

"నాలుక తీసేసి కట్టుకోవాలంట. ముందు ముతాగాడి నాలుక తీసి వాడి చూరుకు కట్టమను. ఫొటోలు బాగా వస్తాయి."

"ఆయనకి చెప్పనా నాన్నమ్మా?"

"నువ్వెందుకు, నాకు నోరు లేదా? అసలు ముందు ఆ పైవాళ్ళ సంగతి చూస్తాను. గంటలూరికి కాపురానికొచ్చి గంట మోగుతోందని ఏడుస్తారా? రేపు సముద్రం పక్కకి పోయి అలల్ని ఆపమంటారు."

చెప్పులేసుకొని కొండెక్కింది. నేను వెనకే వెళ్ళాను. ఆపడానికి కాదు, చూడ్డానికి. నాన్నమ్మ పోట్లాట మా ఊళ్ళో టికెట్టు పెట్టి చూడాల్సినంత బాగుంటుంది.

తలుపు తీసింది హియామా అనే అమ్మాయి. నాకంటే రెండు మూడేళ్ళు పెద్దదేమో. వీపున కట్టుకున్న పసివాడు, దువ్వని జుట్టు, తప్పుడు కాజాల్లో పెట్టుకున్న గుండీలు. లోపల, అంత ఉక్కలోనూ, కిటికీలకు దుప్పట్లు కుక్కి ఉన్నాయి.

"కాస్త మెల్లగా మామ్మగారూ" అంది గుసగుసగా. "ఇప్పుడే కునుకు పట్టింది వీడికి."

నాన్నమ్మ తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. కాసేపటికి మూసింది.

"పాలు తాగుతున్నాడా?" అని అడిగింది, తనూ గుసగుసగా.

"తాగుతాడు, కక్కుతాడు, ఏడుస్తాడు. ఏ చిన్న మోతకైనా ఉలిక్కిపడి లేస్తాడు."

"మీ ఆయన?"

"ఓడ మీద ఉన్నాడు. శీతాకాలానికి గానీ రాడు."

నాన్నమ్మ తల పంకించి వెనక్కి తిరిగింది. దారి పొడుగునా ఒకే గులకరాయిని తన్నుకుంటూ దిగింది.

"తిట్టడానికి వీల్లేని మనిషిని తెచ్చి కొండ మీద పెట్టారు" అంది పళ్ళు నూరుతూ. "ఇలాంటివాళ్ళని ఊళ్ళోకి రానివ్వకూడదు. మనం ఎవర్ని తిట్టాలి మరి?"

తిట్టాల్సిన మనిషి మా గుమ్మంలోనే దొరికాడు. ముతా నిచ్చెనేసుకొని మా చూరు కింద నిలబడి, గంట నాలుక దారం ముడి విప్పుతున్నాడు.

"నువ్వు లేవుగా వదినా, నీకెందుకు శ్రమ అని నేనే తీస్తున్నా" అన్నాడు. నవ్వాడు కూడా. అక్కడే తప్పు చేశాడు.

"దిగరా."

"ఒక్క నిమిషం వదినా, ముడి బిగుసుకుపోయింది."

"దిగమన్నానా."

ముతా దిగాడు. నాన్నమ్మ మూలనున్న పొడుగు కర్ర తీసి, కొక్కెం నుంచి గంటను తప్పించి చేతిలోకి తీసుకుంది. పైనున్న అమ్మాయిని తిట్టలేక మింగిన కోపమంతా ఆ చేతిలో ఉంది. "మోత ఉండకూడదు, అంతేగా మీ సంఘానికి కావాల్సింది" అని దాన్ని రాతిమెట్టు మీద కొట్టింది.

అది పగిలినప్పుడు కూడా కరకరమనే మోగింది. ముతా వంగి పెంకులు ఏరడం మొదలుపెట్టాడు.

"ఇది అన్న కట్టిన గంట కదా వదినా" అన్నాడు చిన్నగా.

"ఇంకోసారి అన్న అన్నావంటే నిచ్చెన కూడా విరగ్గొడతా. పో."

ఆ సాయంత్రం చల్లటి నీళ్ళల్లో వేసిన సోమెన్ సేమ్యాలు ముందు పెట్టుకొని నాన్నమ్మ చాలాసేపు కలుపుతూ కూర్చుంది. తినలేదు.

"ఇప్పుడెలా వస్తాడే ఆయన" అంది.

"ఎవరు? తాతా? తెల్ల లాంతరు కడతాం కదా."

ఆమె నా వైపు చూసింది. నన్ను చాలా రకాలుగా చూసింది గానీ అలా ఎప్పుడూ చూడలేదు.

"కళ్ళు లేనివాడికి లాంతరెందుకే?"

నాకు అప్పుడు అర్థమైంది. ఊరంతా వెలుతురు పెట్టుకొని కూర్చున్నా ఆయన మాత్రం రాళ్ళగోడ మలుపులో చెవి ఒగ్గి నిలబడతాడు. కొండ మీద ఒక్క గంటకీ నాలుక ఉండదు. వంద తెల్ల లాంతర్లు కట్టినా ఆయనకు అది చీకటే. నాకు ఒళ్ళు మండింది. సంఘం మీద, ముతా మీద, ఆ పసివాడి మీద, చివరికి సేమ్యాల మీద కూడా. అన్నిటికంటే ఎక్కువగా, గంటను తనే పగలగొట్టుకున్న ఈ ముసలిదాని మీద.

"ఈ మాట ముతా తాతకి చెప్పొచ్చుగా. ఒక్క సాయంత్రానికి వద్దంటాడా?"

"మా ఆయన మా ఇంటికి రావడానికి నేను సంఘం దగ్గర చెయ్యి చాపాలా? ఛస్తే చాపను. కొత్తది చేస్తాను. ఆ సాయంత్రం నాలుక కడతాను. ఎవడొచ్చి తీస్తాడో చూస్తాను."

మర్నాటి నుంచే సారె ముందు కూర్చుంది. పాత గంట గొంతు రావాలంటే అంచు వంకరగా ఉండాలి. కానీ ఇన్నేళ్ళూ నున్నగా, గుండ్రంగా చెయ్యడానికి అలవాటుపడ్డ చేతులు వంకర చెయ్యమంటే మొరాయించాయి. వంచిన అంచును బొటనవేలు తనంతట తనే సర్దేసేది. ఆమె తన బొటనవేలినే తిట్టేది.

"నేను చెయ్యనా? నా చేతికి వంకర తప్ప ఇంకేదీ రాదు" అన్నాను.

"నీది వంకర కాదు, వికారం. మట్టి పిసుకు."

ఆరబెట్టే చెక్కలు గంటలతో నిండాయి, గంటలు ఆరాయి, పూత పూశాం, బట్టీలో పెట్టాం. మంట ఆపాక బట్టీని దాని మానాన వదిలెయ్యాలి. తలుపు మీద చెయ్యి ఆనించి ఉంచగలిగేంత చల్లారేదాకా గడియ ముట్టుకోకూడదు. మా కొండ మీద పిల్లలకు నడకకంటే ముందు నేర్పేది ఇదే. సరిగ్గా ఆ సమయంలో ముతా వచ్చాడు. రాజీకి వచ్చాడు పాపం. చేతిలో పుచ్చకాయ కూడా ఉంది.

"వదినా, సంఘంలో మాట్లాడాను. అన్నకి మొదటి బోన్ కదా, మా తరఫున లాంతరు తెప్పిస్తున్నాం. మామూలుది కాదు. ఇంత పెద్దది. కింద లోయలోంచి కూడా కనబడుతుంది."

నాన్నమ్మ ముఖం ఎర్రబడటం చూశాను. "కనబడుతుందా" అంది. "ఎవడికిరా కనబడేది?"

ముతాకు అర్థం కాలేదు. పుచ్చకాయ గట్టు మీద పెట్టి, చెమట తుడుచుకున్నాడు. "అందరికీ వదినా" అన్నాడు.

నాన్నమ్మ అతణ్ణి కొట్టలేదు. గిర్రున తిరిగి బట్టీ దగ్గరికి వెళ్ళి, తడిగుడ్డ చుట్టిన చేత్తో గడియ లాగింది. నేను అరిచేలోపలే తలుపు తెరుచుకుంది. ఏదో ఒకటి లాగి తెరవాలి, అంతే. అది బట్టీ తలుపని ఆమె చేతికి ఆ క్షణంలో పట్టలేదు. వేడి మా ముఖాల మీద కొట్టింది, చల్లగాలి గంటల మీద కొట్టింది. లోపల్నుంచి టింగు టింగుమని వరసగా, ఎంతో తియ్యగా, ఒక్కొక్కటీ చిట్లిపోయాయి. ఊళ్ళో నాలుకలు తీసేశాక మా ఇంట్లో మోగిన మొదటి గంటలు అవే.

పైకి చూస్తే ఏ గంటకీ ఏమీ కానట్టే ఉంది. గోరుతో కొడితే కర్రముక్క మీద కొట్టినట్టు చప్పుడు. నాన్నమ్మ అన్నిటినీ కొట్టి చూసింది. ముతా తల దించుకొని నిలబడ్డాడు. తను ఏం చేశాడో అతనికి తెలియదు గానీ, ఏదో చేశానని మాత్రం తెలిసింది.

"పుచ్చకాయ పట్టుకుపో" అంది నాన్నమ్మ.

అతను పట్టుకుపోలేదు. నేను తిన్నాను.

పండుగకు ముందు ఇంకొక్కసారి కాల్చడానికే వ్యవధి ఉంది. ఈసారి మంట ఆపింది మొదలు నేను బట్టీ తలుపుకు ఎదురుగా పీటేసుకొని కూర్చున్నాను. నాన్నమ్మ మాటిమాటికీ వచ్చింది. చీపురు మర్చిపోయానని ఒకసారి, గిన్నె మర్చిపోయానని ఇంకోసారి.

"లే, నడుం నొప్పెడుతుంది నీకు."

"నా నడుం బాగానే ఉంది."

"ఇది ఎవరి బట్టీ అనుకున్నావే కోతీ?"

"నీదే. అందుకే నీ నుంచి కాపాడుతున్నా."

గొణుక్కుంటూ పోయేది. తలుపు మీద నేను చెయ్యి ఆనించి ఉంచగలిగాక, ఆమె కూడా ఆనించి చూశాకే గడియ తీశాం. ఒక్కటీ చిట్లలేదు. ఒక్కొక్కటే కొట్టి చూస్తుంటే గది నిండా నీళ్ళు పారినట్టు మోగాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. నాన్నమ్మకు మాత్రం ఒళ్ళు మండింది.

"అన్నీ తేనె పూసినట్టు మోగుతున్నాయి. ఈ గొంతులు విని ఇంకెవరిదో ఇల్లనుకొని అటు పోతాడు. పోయి హాయిగా కూర్చుంటాడు కూడా."

చివరికి మంట గొట్టం పక్కన పెట్టిన గంట దొరికింది. సెగకు దాని అంచు కొద్దిగా జారింది. అమ్మకానికి పనికిరాదు. కొడితే కీచుమంది. పాత దానంత కరకు కాదు గానీ, అదే కుటుంబం. నాన్నమ్మ దాన్ని చూరుకు కట్టింది, అందరిలాగే నాలుక లేకుండా. నాలుకను ఏప్రన్ జేబులో వేసుకుంది. ముతా దారిన పోతూ చూసి, దారికొచ్చిందనుకొని సంతోషించాడు.

బోన్ మొదటి సాయంత్రం వాకిట్లో పిడికెడు పుల్లలతో స్వాగతపు మంట వెలిగించాం. సంఘం పంపిన లాంతరు నిజంగానే పెద్దది. పక్కనే అది తెల్లగా, తెలివితక్కువగా వెలుగుతోంది. నాన్నమ్మ స్టూలెక్కి గంటకు నాలుక కట్టింది. దిగి, చేతులు కట్టుకొని నిలబడింది.

గాలి లేదు.

మా లోయలో ఆగస్టు సాయంత్రాలు ఒక్కోసారి అలా బిగుసుకుపోతాయి. పొగ కూడా నిటారుగా లేచింది. కాగితపు పట్టీ కదల్లేదు. సంఘాన్ని ఎదిరించి, రెండుసార్లు బట్టీ కాల్చి, చివరికి గాలి దగ్గర ఓడిపోయే మనిషా ఆమె? లోపలికెళ్ళి విసనకర్ర తెచ్చింది. మళ్ళీ స్టూలెక్కి, గంటకు విసరడం మొదలుపెట్టింది.

గంట మోగింది. నెలన్నరగా గంట వినని మా కొండ ఉలిక్కిపడింది. పై ఇంట్లో పసివాడు గుక్కపట్టాడు.

"ఎక్కడ చచ్చావయ్యా" అని మొదలుపెట్టింది నాన్నమ్మ, విసురుతూనే. "బతికున్నప్పుడూ ఆలస్యమే, చచ్చాకా ఆలస్యమేనా? స్నానశాలలో కబుర్లు పెట్టుకున్నావా? కూర చల్లారిపోతోంది. మలుపు దగ్గర గోతిలో కాలెయ్యకు. చెప్పులు చేతిలో పట్టుకొని రాకు."

ముతా పరుగున వచ్చాడు. "వదినా, ఏంటిది? పైన పిల్లాడు లేచాడు, వినబడుతోందా? ఒప్పుకున్నావు కదా. అంత పెద్ద లాంతరు పెట్టాం కదా."

"ఆయనకి కళ్ళెక్కడివిరా?"

ఆఖరి ఏడాదిలో వాన పడిన రోజుల్లో తాతను చెయ్యి పట్టుకొని ఇంటికి తెచ్చింది ముతానే. లాంతరు వైపు చూశాడు, గంట వైపు చూశాడు. పుచ్చకాయ తెచ్చిన రోజు నుంచి అతనికి తెలియనిదేదో ఇప్పుడు తెలిసినట్టుంది.

"ముందే చెప్పొచ్చుగా వదినా."

"నీకు తెలియకపోవడమే నా కోపం. చెయ్యి లాగేస్తోంది. పట్టు."

సంఘం పెద్ద స్టూలెక్కి విసనకర్ర పట్టుకున్నాడు. నాన్నమ్మ కింద నిలబడి తిట్లు అందుకుంది. ఈసారి తాతకు, ముతాకు కలిపి.

హియామా అమ్మాయి దిగి వచ్చింది, పసివాణ్ణి భుజాన వేసుకొని, కళ్ళల్లో నీళ్ళతో. కోపంగానే ఉంది. కోపంగా ఉండటానికి ఆమెకు హక్కుంది.

"ఎంతసేపు ఎత్తుకొని తిరిగితే నిద్రపోయాడో తెలుసా మామ్మగారూ? మీరంతా ఒప్పుకున్నారనే కదా కిటికీ తీసి పడుకోబెట్టాను."

"నీ పిల్లాడు రేపు కూడా పడుకుంటాడమ్మా" అంది నాన్నమ్మ. గొంతు ఏమీ తగ్గించలేదు. "మా ఆయన దారి వెతుక్కుంటూ వచ్చేది ఈ ఒక్క సాయంత్రమే. ఆయనకి చూపు లేదు. ఆ మంట ఆరేదాకా ఓర్చుకో. తర్వాత నీ ఇష్టం వచ్చినట్టు తిట్టు, నిలబడి వింటాను."

ఆ అమ్మాయి తిట్టలేదు, వెళ్ళిపోనూ లేదు. రాళ్ళగోడకు ఆనుకొని, పిల్లాణ్ణి ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంటూ నిలబడింది. గంట వింటూ పిల్లాడు ఏడుపు మానాడని రాస్తే బాగుంటుంది. మానలేదు. గంట మోగుతూ, పిల్లాడు ఏడుస్తూ, నాన్నమ్మ తిడుతూ, ముతా చెమటలు కక్కుతూ విసురుతూ ఉండగా పుల్లలు కాలి బూడిదయ్యాయి. మంట ఆరగానే నాన్నమ్మ ముతాను దించి, స్టూలెక్కి నాలుక విప్పి, జేబులో వేసుకుంది. కూర మళ్ళీ వేడి చేసి తాత పటం ముందు పెట్టింది.

ఇదంతా రాసి నిన్న ఆమెకు చదివి వినిపించాను. కత్తితో గంట అంచు గీరుతూ విన్నది. తుఫాను దగ్గర నవ్వలేదు. ముత్తాత దగ్గర ముక్కు ఎగబీల్చింది. చివరికొచ్చాక, ఇన్నాళ్ళూ అడగాలనుకున్నది అడిగాను.

"ఇంతకీ ఆ సాయంత్రం తాత వచ్చాడంటావా నాన్నమ్మా?"

ఆమె కత్తి ఆపలేదు.

"మోగించడం నా పని, మోగించాను. రావడం ఆయన పని, ఆయన్నడుగు. ఆ కాగితాలు మడిచి, మట్టి మీద తడిగుడ్డ కప్పు. ఎండిపోతోంది."